బస్కీలకు బస్సు టిక్కెట్టు

(హోసూరులో వినాయక చవితి ఉత్సవముల మూడవ సాయంకాలమున మన సంఘ భవనమునందు చేసిన ప్రసంగ పాఠము)



మొన్న చవితినాటి ఉదయమున ఈ మందిరముననే పూజ ముగిసి, వ్రతకథ పూర్తియై, అక్షతలు శిరమున చల్లుకొనిన పిమ్మట మనమందరమును చెవులు పట్టుకొని విఘ్నేశ్వరుని యెదుట గుంజీలు తీసితిమి. మేమును తీసితిమి. ఐదవ గుంజీకి మా మోకాలు కలుక్కుమనగా ప్రక్కనున్న స్తంభమును పట్టుకొని లేచితిమి. మా వెనుక నిలిచియున్న ఎనిమిదేండ్ల బాలుడొకడు మా అవస్థ చూచి, "మామా, ముప్పై తీస్తే టికెట్టు ఊరకే ఇస్తారంట, నిజమేనా?" అని యడిగెను. ఎవరి చేతి ఫోనులోనో వాడు చూచిన దృశ్యమది. చుట్టునున్నవారందరును నవ్విరి.

నవ్వి విడిచిపెట్టుటకు వీలులేని కారణమొకటి యున్నది. మన యువకులు కార్యవర్గము యెదుట పెట్టిన తీర్మానము సరిగా ఈ విషయమును గూర్చినదే. వచ్చు ఆదివారమున దానిపై సభ్యుల అభిప్రాయము తీసికొనవలసియున్నది. కావున ఈ సాయంకాలమున పురాణ ప్రసంగమునకు బదులుగా ఈ సంగతినే మీతో ముచ్చటించుటకు అనుమతి వేడుచున్నాము. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. పొరపాటులున్నచో పెద్దలు సరిదిద్దగలరు.

ఆ బాలుడు చెప్పినది కట్టుకథ కాదు. 2013 నవంబరులో రష్యా రాజధానియైన మాస్కో నగరమున, భూగర్భ రైలు మార్గమునందలి విస్తవోచ్నయా అను స్టేషనులో ఒక యంత్రమును నిలిపిరి. దాని యెదుట నిలిచి 2 నిమిషములలో 30 బస్కీలు తీసినవారికి, 30 రూబుళ్లు వెలగల ప్రయాణపు టిక్కెట్టు ఉచితముగా లభించెడిది. యంత్రమునకు అమర్చిన కెమెరా మనిషి పూర్తిగా కూర్చుండి లేచెనా యని చూచి లెక్కించును. మన మార్కెట్టులో త్రాసుపై బొటనవ్రేలు ఆనించినట్లు సగము వంగి లేచి లెక్క చూపుటకు అచట సాగదు. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో సోచీ పట్టణమున జరుగనున్న శీతకాలపు ఒలింపిక్ క్రీడలకు ప్రచారముగా ఆ ఏర్పాటు జరిగినది.

తరువాత ఇతర నగరములును ఈ దారి పట్టినవి. 2015 ప్రాంతమున మెక్సికో నగరపు మెట్రో స్టేషనులలో ఇట్టి యంత్రములు వెలసినవి. అచట 10 బస్కీలే చాలును. స్థూలకాయము ప్రబలుటచే 2014 జనవరి నుండి తీపి పానీయములపై లీటరుకు ఒక పెసో చొప్పున పన్ను విధించిన దేశమది. అందుచేత వారి వేదనను మనము అర్థము చేసికొనవచ్చును. రుమేనియాలోని క్లూజ్ నపోకా నగరమున 2020లో 20 బస్కీలకు ఒక బస్సు టిక్కెట్టు చొప్పున ఇచ్చిరి.

మన దేశమునకును ఈ యంత్రము రాకపోలేదు. 2020 ఫిబ్రవరిలో ఢిల్లీలోని ఆనంద్ విహార్ రైల్వే స్టేషనులో దానిని నిలిపి, 3 నిమిషములలో 30 బస్కీలు తీసినవారికి ప్లాట్‌ఫారం టిక్కెట్టు ఉచితమని ప్రకటించిరి. 2019 ఆగస్టు 29న ప్రారంభమైన ఫిట్ ఇండియా ఉద్యమమునకు తోడ్పాటుగా జరిగిన పని యిది. నాటి రైల్వే మంత్రి పీయూష్ గోయల్ గారు ఆ దృశ్యమును స్వయముగా ప్రజలకు చూపిరి. మంచిదే. కాని వర్తకులము గనుక, సరకు చేతికి రాగానే తిప్పి చూచుట మాకు అలవాటు. ప్లాట్‌ఫారం టిక్కెట్టు వెల నాడు 10 రూపాయలు. దానితో రెండు గంటల సేపు స్టేషనులో నిలువవచ్చును గాని రైలు ఎక్కరాదు. చెమటోడ్చి గెలిచినవానికి దక్కినది, ఇతరులను రైలెక్కించి చేయి ఊపెడు హక్కు మాత్రమే! మాస్కోవారు కనీసము మనిషిని ఊరు చేర్చిరి.

ఇక లెక్క చూతము. 30 బస్కీలు తీయుటలో ఖర్చగు శక్తి సుమారు 10, 15 క్యాలరీలు. ఒక చెంచా చక్కెరలో 16 క్యాలరీలున్నవి. టిక్కెట్టు గెలిచిన సంతోషమున స్టేషను బయట ఒక తీపి కాఫీ త్రాగినచో, సంపాదించినదంతయు ఆ గ్లాసులోనే కరిగిపోవును. అట్లని ఇది పనికిమాలిన పనియని మేము చెప్పబోము. తొడలకును నడుమునకును బలము కలిగించు వ్యాయామములలో బస్కీని మించినవి కొన్నియే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనలలో, పెద్దలు వారమునకు 150 నుండి 300 నిమిషములు ఓ మోస్తరు శ్రమ చేయవలెననియు, దానికి తోడు వారమునకు రెండు దినములైనను కండరములకు బలమిచ్చు వ్యాయామము చేయవలెననియు ఉన్నది. బస్కీ ఈ రెండవ భాగమునకు చెందినది. మొదటి భాగము నడకకు చెందినది. టిక్కెట్టు యంత్రములు రెండవ దానిని కొని, మొదటి దానిని మరచినవి.

యువకుల మాటలోని న్యాయమును ముందుగా చెప్పవలెను. మన దేశమున పెద్దలలో దాదాపు సగము మంది, అనగా నూటికి 49 మందికి పైగా, 2022 నాటికి చాలినంత శరీరశ్రమ లేనివారని 2024లో లాన్సెట్ వారి ప్రపంచారోగ్య పత్రికలో వెలువడిన పరిశోధన తెలిపినది. అందు పురుషుల కంటె స్త్రీల సంఖ్య ఎక్కువ. 10 కోట్లకు మించిన జనులకు మధుమేహమున్నదని భారత వైద్య పరిశోధనా మండలివారి తోడ్పాటుతో జరిగిన సర్వే 2023లో తేల్చినది. ఈ మందిరమున కూర్చున్న మన కుటుంబములలో చక్కెర జబ్బు మాత్రలు లేని ఇల్లెన్ని యున్నవో మీరే లెక్కించుకొనుడు. ఇట్టి కాలమున నలుగురి నడుమ సిగ్గు విడిచి వంగి లేచునట్లు చేసిన ఉపాయమును తేలికగా తీసివేయరాదు.

బస్సునకును వ్యాయామమునకును గల సంబంధము ఆ యంత్రముతో మొదలైనది కాదు. అది డెబ్బది యేండ్ల నాటిది. ఈ కథ మాకు మిక్కిలి ప్రియమైనది. జెరెమీ మారిస్ అను బ్రిటిష్ వైద్యుడు లండను నగరపు రెండంతస్తుల బస్సులలోని ఉద్యోగులను పరిశీలించి, 1953లో లాన్సెట్ పత్రికలో తన ఫలితములను ప్రకటించెను. డ్రైవరు పని కాలమంతయు కూర్చుండియే యుండును. కండక్టరు టిక్కెట్లిచ్చుటకై పై అంతస్తునకు ఎక్కుచు దిగుచు దినమునకు 500 నుండి 750 మెట్లు ఎక్కును. ఇరువురును ఒకే సంస్థ కొలువులోనివారు, ఒకే వీధులలో తిరుగువారు. అయినను గుండెపోటు డ్రైవర్లలో ఎక్కువ. కండక్టర్లలో తక్కువ, వచ్చినను అది ప్రాణాంతకమగుట మరింత తక్కువ. జాబులు పంచుచు తిరుగు తపాలా బంట్రోతులకును, బల్లయెదుట కూర్చున్న గుమాస్తాలకును నడుమ ఇట్టి భేదమే కనబడినది.

ఆ వైద్యుని నిజాయితీని మెచ్చుకొనవలెను. తన సిద్ధాంతమును తానే శంకించి, మూడేండ్ల తరువాత ఆ బస్సు ఉద్యోగులకు కుట్టించిన దుస్తుల కొలతలను తెప్పించి చూచెను. డ్రైవర్ల నడుము కొలత కండక్టర్ల కంటె పెద్దదిగా నుండెను. కొలువులో చేరునాటికే భేదముండెనేమో యని ఆయన ఆ సంగతిని దాచక ప్రకటించెను. తదుపరి ఇతర పరిశోధనలును ఆయన మాటనే బలపరచినవి. ఆయన 99 యేండ్లు జీవించి 2009లో పరమపదించెను.

ఈ కథ చదివినప్పుడు మాకు మా అంగడి గుర్తుకు వచ్చినది. మా తండ్రిగారు మూటలు మోసి అంగడి నిలిపిరి. బియ్యపు మూట వీపున వేసికొని నిచ్చెన మెట్లు ఎక్కెడివారు. మాకు ఆ అంగడి దక్కునప్పటికి మూటలు మోయుటకు హమాలీలుండిరి. మేము గల్లాపెట్టె వెనుక కూర్చుంటిమి. ఇంటినుండి అంగడికి స్కూటరు, అంగడినుండి బ్యాంకుకు స్కూటరు, కొండ క్రింది వీధిలో చుట్టములింటికి పోవుటకును స్కూటరే. మా తండ్రిగారు కండక్టరు, మేము డ్రైవరు. నలుబది రెండవ యేట రక్తపరీక్ష చేయించగా చక్కెర బయటపడినది. వైద్యుడు మాత్రలు వ్రాసి, నడువుమనెను. నడుచుటకు సమయము లేదంటిమి. "అయితే బస్సులో పొండి" అనెను. మాకు అర్థము కాలేదు.

తరువాత అర్థమైనది. బస్సు ఇంటి గుమ్మమునకు రాదు. దానికొఱకు పోవలెను, దిగిన చోటినుండి మరల నడువవలెను. అమెరికాలో బస్సులు, రైళ్లు వాడువారిని గూర్చి 2005లో ప్రచురితమైన పరిశోధనలో, వారు ఆ స్టేషనులకు పోయి వచ్చుటలోనే దినమునకు సుమారు 19 నిమిషములు నడుచుచున్నారని తేలినది. వ్యాయామమను పేరు పెట్టకుండ, ప్రత్యేకముగా తీరిక చేసికొనకుండ సాగు నడక యిది. మా ఇంటినుండి టౌన్ బస్సు నిలుచు చోటు పది నిమిషముల దూరము. దిగినచోటినుండి అంగడి ఎనిమిది నిమిషములు. పోవుటయు వచ్చుటయు కలిపి 36 నిమిషములు. స్కూటరును కుమారునికి విడిచి మూడు సంవత్సరములైనది. చక్కెర తగ్గిన వివరములు చెప్పి మిమ్ము విసిగింపము. మందు మానలేదు, మోతాదు పెరుగలేదు. మా ధర్మపత్ని అదే బస్సులో ఉచితముగా ప్రయాణించును. మేము మాత్రము చిల్లర తీసి టిక్కెట్టు కొనవలెను. ఈ సంగతిని ఆమె కండక్టరు యెదుట మాకు గుర్తు చేయని దినము లేదు.

ఆ ఉచితము మాటకు వచ్చితిమి గనుక చెప్పుచున్నాము. తమిళనాడులో 2021 మే నెలనుండి సాధారణ టౌన్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేదు. కర్ణాటకమున 2023 జూన్ 11న శక్తి పథకము వచ్చినది. మన బంధువులున్న తెలంగాణమున అదే సంవత్సరము డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15న ఇట్టి పథకములే మొదలైనవి. ఏ ప్రభుత్వమును బస్సు మెట్టుపై నిలిపి ముందు 30 బస్కీలు తీయుమని అడుగలేదు. అయితే ఈ పథకములన్నియు సరిహద్దు రాతి వద్ద ఆగిపోవునవి. హోసూరు స్త్రీ అత్తిబెలె దాటినచో ఆమె కర్ణాటక నివాసిని కాదు గనుక టిక్కెట్టు కొనవలెను. ఇటు తమిళనాడు, అటు కర్ణాటకము, ఇంటిలో తెలుగు. ఇట్టి మనకు ఏ పథకము వచ్చినను సగము దారి వరకే వచ్చుట క్రొత్త గాదు.

అందుచేతనే మన సంఘము బస్సు పాసుల నిధిని పెట్టినది. పెండ్లి మండపము అద్దెలనుండి కొంత సొమ్ము తీసి, సరిహద్దుకావలి కళాశాలలకు పోవు బీద విద్యార్థులకు పాసు సొమ్ము ఇచ్చుచున్నాము. ఇప్పుడు యువకుల తీర్మానమేమనగా, ఆ నిధిని ఊరక యివ్వరాదు, ప్రతి ఉదయము సంఘ భవనమునకు వచ్చి ఫోనులోని లెక్కించు యంత్రము యెదుట 30 బస్కీలు తీసిన విద్యార్థులకే మరుసటి నెల పాసు ఇవ్వవలెను, దీనివలన ఆరోగ్యమును పొదుపును రెండును సిద్ధించునని. వారి ఉద్దేశము మంచిది. తీర్మానము వ్రాసినవారిలో మా కుమారుడును ఒకడు.

గత నెల వారు దీనిని ఒక ఆదివారమున పరీక్షగా జరిపి చూచిరి. మేమును కుర్చీ వేసికొని చూచితిమి. నాడు మేము చూచినది మీకు చెప్పవలెను. గెలిచినవారిలో పెక్కుమంది మోటారు సైకిళ్లపై వచ్చినవారే. వారికి బస్సుతో పనిలేదు. టిక్కెట్టు చీటీని జేబులో వేసికొని, మోటారు సైకిలు తన్ని, పొగ విడిచి పోయిరి. మన మందిరము ఊడ్చునట్టి అమ్మ, చీపురు ప్రక్కన పెట్టి, "నేనూ తీయొచ్చునా?" అని యడిగినది. పిల్లలు నవ్విరి. ఆమె కొంగు బిగించి 30 బస్కీలు ఊపిరి తీసికొనకుండ తీసినది. దినమంతయు కూర్చుండుట, లేచుట, వంగుట ఆమె వృత్తి. చీటీ చేతికి ఇచ్చిన పిమ్మట ఆమె దానిని అటునిటు త్రిప్పి, "నాకు బస్సు ఊరకేనే గదా. ఇది మా ఆయనకు చెల్లుతుందా? రాత్రి డ్యూటీకి పోవాల" అనినది. మన యువకుల యొద్ద సమాధానము లేదు. నియమము ప్రకారము చీటీ విద్యార్థులదే, బస్కీలు తీసినవానిదే.

ఇంకొక సంగతి. ఆ మూల బల్లపై ఒక విద్యార్థి కూర్చుండి చూచుచుండెను. పేరు చెప్పము. వానికి చిన్ననాట కీళ్లజ్వరము వచ్చి గుండె కవాటము చెడినది, శస్త్రచికిత్స జరిగినది. మెల్లగా నడువగలడు గాని, గబగబ లేచి కూర్చుండుట వైద్యులు నిషేధించిరి. తండ్రి మార్కెట్టులో హమాలీ. మన పాసు సొమ్ముతోనే వాడు రెండు సంవత్సరములుగా కళాశాలకు పోవుచున్నాడు. ఈ తీర్మానము నెగ్గినచో మొదట పాసు పోవునది వానికి. తీర్మానములో మినహాయింపు వ్రాయవచ్చునని మా కుమారుడు చెప్పెను. వ్రాయవచ్చును. కాని అప్పుడు ఆ పిల్లవాడు ప్రతి నెలయు వైద్యుని చీటీ పట్టుకొని వచ్చి, తన గుండె సంగతి నలుగురి యెదుట చెప్పుకొని, దయ కోరి పాసు తీసికొనవలెను. ఇంతవరకు వాడు కార్యదర్శి గదిలోనికి పోయి సంతకము చేసి తలయెత్తుకొని పోవుచున్నాడు.

మాస్కో యంత్రములో ఈ చిక్కు లేదు. అచట టిక్కెట్టు కొనగలవాడే వినోదముగా బస్కీలు తీసెను. తీయలేనివాడు 30 రూబుళ్లిచ్చి పోయెను. ఎవనికిని నష్టము లేదు. అది సంతలో రంగులరాట్నము వంటిది. అదనముగా ఇచ్చునది బహుమతి. ఉన్న సహాయమును తీసి, దానిని మరల గెలుచుకొనుమనుట బహుమతి కాదు, జరిమానా. పేరు మారినంత మాత్రమున సరకు మారదు.

బహుమతి అలవాటును కలిగించునా యను ప్రశ్నయు ఉన్నది. దీనికి వర్తకులు వినవలసిన పరిశోధన ఒకటి కలదు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు 281 మంది స్థూలకాయులైన ఉద్యోగులకు దినమునకు 7000 అడుగుల నడక లక్ష్యముగా పెట్టి, 13 వారములు పరీక్షించి, 2016లో ఫలితములు ప్రకటించిరి. లక్ష్యము చేరిన దినమున సొమ్ము ఇచ్చినవారికి, ఏమియు ఇవ్వనివారికి నడుమ భేదము స్వల్పమే. నెలసొమ్మును ముందుగానే వారి పేర జమకట్టి, తప్పిన దినమున కొంత తీసివేసిన జట్టువారు మాత్రము ఎక్కువగా నడిచిరి. ఇతరులు నూటికి 30, 36 దినముల నడుమ లక్ష్యము చేరగా, వీరు 45 దినములు చేరిరి. జేబులోని రూపాయి పోవు బాధ, రాబోవు రూపాయి సంతోషము కంటె పెద్దదని మనకు గల్లాపెట్టె ఎన్నడో నేర్పినది. కాని సొమ్ము నిలిపివేసిన తరువాతి వారములలో అన్ని జట్ల నడకయు తగ్గి, భేదము మాసిపోయినది. బహుమతి ఉన్నంతవరకే వచ్చెడివాడు, అంగడిలో తగ్గింపు ధర ఉన్నంతవరకే కనబడు ఖాతాదారువంటివాడు.

మరి నిలుచునది ఏది? మన పెద్దలకు తెలిసియుండెను. బస్కీ యను మాట మనకు మాస్కోనుండి రాలేదు. దండ్లు, బస్కీలు, సాము, కుస్తీ మన తాతల దినచర్య. కన్నడిగుల గరడి మనెలు, మన తాలింఖానాలు ఒకే త్రాటిపై నడిచినవి. తమిళ సోదరులు పిళ్లైయారు యెదుట తీయు తోప్పుకరణము మన గుంజీయే. ఈ భవనము కట్టించిన మన తాతలు తూర్పు ప్రక్క గదిని తాలింఖానాగా ఉంచిరి. ఎఱ్ఱమన్ను పోసిన గోదా, చేతులతో త్రిప్పు కొయ్య గదలు, గోడపై ఆంజనేయుని పటము, దాని ప్రక్కన వీరఘట్టము వాస్తవ్యుడును, కలియుగ భీముడని పేరొందినవాడునైన కోడి రామమూర్తి నాయుడుగారి చిత్రము అచట ఉండెడివి. ఉదయము ఐదు గంటలకు తలుపు తీసెడివారు. అచట ఎవరును ఎవరికిని టిక్కెట్టు ఇవ్వలేదు. ప్రక్కవాడు 50 తీసెను గనుక వీడు 51 తీసెను. రాని దినమున ప్రక్కవాడు ఇంటికి వచ్చి అడిగెను. ఆ అడుగుటయే అచటి జీతము.

ఇప్పుడు ఆ గది ఏమైనదని మీలో చిన్నవారు అడుగవచ్చును. పెద్దలకు తెలియును, మర్యాదకొఱకు నోరు విప్పుట లేదు. మేమే చెప్పవలెను. ఎనిమిది సంవత్సరముల క్రిందట మా అంగడికి సరకు నిలువ స్థలము చాలక, వచ్చువారు తగ్గిరను నెపమున, ఆ గదిని సంఘమునుండి అద్దెకు తీసికొంటిమి. అప్పుడు మేము కోశాధికారులము. అద్దెను నిర్ణయించినవారిలో మేమును ఒకరము. గోదా గోదామైనది. ఎఱ్ఱమట్టిపై చెక్కలు పరచి బెల్లపు దిమ్మెలు, పప్పు మూటలు పేర్చితిమి. కొయ్య గదలు మూటల వెనుకనే యున్నవి. రెంటికి చెదలు పట్టినవి. అద్దె క్రమముగా కట్టుచున్నాము, రశీదులు ఉన్నవి. కాని రశీదు లేని బాకీ ఒకటి మాపై ఉన్నదని గత నెల ఆ పరీక్ష చూచునప్పుడు తెలిసినది. వ్యాయామమునకు చోటు లేనందుననే పిల్లలు ఈ పెండ్లి మండపములో కుర్చీలు ప్రక్కకు త్రోసి, ఫోను యెదుట బస్కీలు తీయవలసి వచ్చినది. చోటును మేము ఆక్రమించి, వారికి శ్రద్ధ లేదని నిందించితిమి.

కనుక వచ్చు ఆదివారమున మేము రెండు సవరణలు ప్రతిపాదింపబోవుచున్నాము. పాసుల నిధి ఎట్లున్నదో అట్లే ఉండవలెను. దానికి శరీరబలముతో ముడిపెట్టరాదు. అవసరము, చదువు, మార్గము, ఈ మూడే చూడవలెను. రెండవది, బస్కీల బహుమతిని యువకులు కోరినట్లే జరుపవచ్చును, కాని అది అదనపు సొమ్ముతో జరుగవలెను. ఆ సొమ్ము ఒక సంవత్సరము వరకు మేమిచ్చెదము. బహుమతి ఒక బస్సు టిక్కెట్టే కావలెను, మోటారు సైకిలుపై వచ్చినవాడు ఆ చీటీతో తిరుగుదారిలో బస్సే ఎక్కవలెను. లేనిచో చీటీ చెల్లదు. గెలిచినవాడు దానిని తండ్రికో, ఇరుగువానికో ఇచ్చుటకు స్వేచ్ఛ ఉండవలెను. అప్పుడు ఊడ్చునట్టి అమ్మ ప్రశ్నకు మనకు సమాధానము దొరకును. ఆమెకును చీటీ గెలుచు హక్కు ఉండవలెనని వేరుగా చెప్పనవసరము లేదనుకొందుము. బస్కీలు తీయలేనివారికి మోకాళ్ల కొలది వేరు లెక్క పెట్టవచ్చును. మావంటివారికి చంద్రచూడేశ్వరుని కొండ మెట్లు ఉన్నవి. ఎన్ని ఎక్కినవి అన్నియే లెక్క.

ఈ రెంటికిని సభ్యులు ఒప్పుకొనకపోవచ్చును. మా కుమారుడే వ్యతిరేకముగా మాటలాడునని ఇంటిలో తెలిసినది. మాటలాడనిండు. కాని తీర్మానము ఏదైనను, తూర్పు గది విషయము ఓటుపై ఆధారపడదు. దీపావళికి తెప్పించిన సరకు అమ్ముడగువరకు గడువు కోరుచున్నాము. కార్తిక పౌర్ణమి నాటికి గది ఖాళీ చేసి, చెక్కలు తీసి, క్రొత్త ఎఱ్ఱమన్ను పోయించి, తాళపు చెవిని కార్యదర్శిగారి చేతిలో పెట్టెదము. చెదలు పట్టిన గదలకు బదులు రెండు క్రొత్తవి చేయించుటకు వడ్రంగికి నిన్ననే చెప్పితిమి. అతడు కొలత అడిగెను. పాతవారి కొలతయా, ఇప్పటివారి కొలతయా అని. రెండును చేయుమంటిమి.